లాంతరు ఆరని బావి

కుళ్ళిన కోడిగుడ్డు వాసన నాకు ఎక్కడపడితే అక్కడ వస్తుంది. చందాపుర కూడలిలో బస్సు కోసం నిలబడినప్పుడు వస్తుంది. స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడు వస్తుంది. పెళ్ళిళ్ళలో మల్లెపూల పళ్ళెం నా దాకా వచ్చేసరికి కూడా ఒక్కోసారి వస్తుంది. పక్కనున్నవాళ్ళని అడిగితే ఏమీ లేదంటారు. మొదట్లో మా ఆయన పాపం వీధి కాలవలన్నీ చూసొచ్చేవాడు, సిలిండరు గొట్టానికి సబ్బునీళ్ళు పూసి చూసేవాడు. తర్వాత్తర్వాత ఆయనకీ విసుగొచ్చింది. "మళ్ళీ మొదలా?" అని పేపరు వెనక్కి వెళ్ళిపోతాడు.

ఆ వాసన ఒక బావిలోది. నేను పాఠాలు చెప్పిన బడి వెనకాల ఉండేది ఆ బావి. అందులో ఒక పెద్దాయనకి ముక్కు పనిచేయకుండా పోయింది. ముక్కే బతుకుతెరువైన మనిషి ఆయన. ముక్కుతో పాటు ఆయన పేరు కూడా పోయింది, లెక్క తప్పాడని ఊరంతా అనుకుంది. ఆయన లెక్క తప్పలేదు. ఆ సంగతి తెలిసినదాన్ని నేను. ఇన్నేళ్ళుగా ఎక్కడా చెప్పలేదు.

తొంభైల మధ్యలో ఆనేకల్ దారిలో ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. మాది హోసూరు వైపు తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పై అధికారులొస్తే ఇంగ్లీషు. పిల్లల్లో సగం మంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగే, ఆటల్లో తిట్టుకునేదీ తెలుగే. నాకు ముక్కు మీదే కోపమని మా అమ్మ పెళ్ళిచూపుల్లోనే చెప్పేసింది, తర్వాత మాటలు పడటం ఎందుకని. ఆ కోపంతో పాటు ఉత్సాహం కూడా అంతే ఉండేది. చెప్పినదాన్ని చెప్పినట్టు వల్లె వేయించే పాఠమంటే నాకు ఒళ్ళు మంట.

అలాంటి రోజుల్లో బెంగళూరులో మూడు రోజుల శిక్షణకి పంపారు. పర్యావరణం గురించి. "పుస్తకంలో ఉన్న సైన్సు ఒక్కటే చాలదు, మీ ఊళ్ళో పెద్దవాళ్ళకి తెలిసినదాన్ని తరగతిలోకి తీసుకురండి, రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టండి" అన్నారు అక్కడ. మిగతా టీచర్లు భోజనం ఎప్పుడా అని గడియారం చూసుకుంటుంటే నేను మాత్రం పేజీలకి పేజీలు రాసుకున్నాను. చివరిరోజు ఒక్కో బడికి ఒక్కో పెట్టె ఇచ్చారు. అందులో లిట్మస్ కాగితాలు, పరీక్ష నాళికలు, నీళ్ళ రంగు పోల్చి చూసుకునే అట్ట. ఆ పెట్టెని బస్సులో ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నాను.

మా బడి వెనకాల ఒక పాత చేదబావి ఉండేది. ఆ స్థలం తోటగా ఉన్నప్పటిది. బడి వచ్చాక దానిమీద పలకలు పరిచి మూసేశారు. బోరు ఎండిపోవడంతో ఆ పాత బావిలో పూడిక తీయిస్తే పనికొస్తుందేమోనని హెడ్మాస్టరుగారికి ఆశ పుట్టింది. అప్పటికే బడి గోడకి అవతల షెడ్లు లేస్తున్నాయి. ఏ షెడ్డులో ఏం చేస్తారో మాకు తెలిసేది కాదు. ఒకదాని నుంచి వచ్చే కాలవ గోడ వెంబడే పారి, కొంత దూరం పోయాక మట్టిలో ఇంకిపోయేది. ఎండాకాలంలో కూడా అక్కడ నేల తడిగా ఉండేది. పిల్లలకి నీటి పరీక్షలు నేర్పించే నేను ఆ తడి ఎక్కడికి దిగుతోందని ఒక్కనాడూ అనుకోలేదు.

బడికి అర మైలు దూరంలో ఒడ్డెవాళ్ళ కాలనీ ఉండేది. తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి బావులు తవ్వడానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు. ఆ కాలనీలో అందరికంటే పెద్దవాడైన ఆయన చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళలో బావులు తవ్వాడు. ఎవరైనా బావి తవ్వించాలంటే ముందు ఆయన్ని పిలిచి నేల చూపించేవారు. ఆయన నాలుగు చోట్ల గడ్డపారతో పొడిచి, వచ్చిన మన్ను ముక్కు దగ్గర పెట్టుకుని, ఇక్కడ, అనేవాడు. అంతే, అక్కడే తవ్వేవారు.

నేను వెళ్ళి బడికి రమ్మన్నప్పుడు ఆయన నమ్మలేదు.

"బాయి చూసేకి రమ్మంటే వస్తా. బళ్ళో నాకేం పనమ్మా?"

"పాఠం చెప్పాలి అప్పా."

"నాకి అక్షరం ముక్క రాదు."

"అందుకే పిలుస్తున్నా. అక్షరాలు వచ్చినవాళ్ళు మా బళ్ళో చాలామంది ఉన్నారు" అన్నాను. ఆయన భార్య కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. ఆయనా నవ్వి, వస్తానన్నాడు.

వచ్చేటప్పుడు పాత పంచె చింపి అయిదు చిన్న మూటలు కట్టుకొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నేల మీదే కూర్చున్నాడు. హెడ్మాస్టరుగారు తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూసి, ఇదంతా ఎందుకన్నట్టు నా వైపు చూసి వెళ్ళిపోయారు. పెద్దాయన ఒక్కో మూటా విప్పి మన్ను పిల్లల చేతుల్లో పెట్టి కళ్ళు మూసుకుని వాసన చూడమన్నాడు. ఎర్రమన్ను, గరుసు, సుద్ద, చవుడు, చివరగా నల్లటి తడిమన్ను. ఒకమ్మాయికి తుమ్ములు ఆగలేదు. ఇంకొకమ్మాయి ఇది మా ఇంటి మట్టిగోడ వాసన అంది. ఆయన ఆ అమ్మాయి తల నిమిరి, నువ్వు బాయికి పనికొస్తావు అన్నాడు.

"నీళ్ళు దగ్గరుంటే మన్ను సల్లగా వాసనొస్తాది. రాయి దగ్గరుంటే వాసన సన్నగిలిపోతాది" అని చెప్పాడు. అదే మన్ను నేను నీళ్ళలో కలిపి, వడగట్టి, లిట్మస్ కాగితం ముంచి చూపించాను. ఆయన చవుడన్న మూటకి ఎర్ర కాగితం నీలంగా మారింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదీ వాసన పడతాదే!" అన్నాడు. ఆరోజు ఇంటికి నేను నడిచి వెళ్ళలేదు, తేలి వెళ్ళాను. జీవితంలో నేనొక మంచిపని చేస్తున్నానని నిండుగా అనిపించిన రోజు అది.

తర్వాతి వారం బావిలోకి ఎలా దిగుతారో చెప్పమన్నాను. మూత వేసి ఉన్న బావిలోకి ఊరికే దిగకూడదన్నాడు. మొదట కానుగ మండలు మోకుకి కట్టి కిందికీ పైకీ చాలాసేపు ఆడించాలి, లోపల గాలి కదలాలి. తర్వాత లాంతరు దించాలి. ఆరిపోతే దిగకూడదు. చివరగా అడుగు నుంచి ఒక బక్కెట మన్ను తోడి వాసన చూడాలి. దిగే మనిషి నడుముకి తాడు కట్టుకోవాలి, లోపల ఏమన్నా అయితే పైవాళ్ళు తాడు లాగాలే తప్ప ఇంకొకరు దిగకూడదు. "దిగినోడి ఎనక దిగితే ఇద్దరూ పోతారు" అన్నాడు.

నేను అట్ట మీద పట్టిక గీశాను. ఒక వరసలో ఆయన చేసే పని, దాని పక్కన సైన్సు చెప్పే కారణం. మండలు ఎందుకు? అడుగున చేరిన బరువైన బొగ్గుపులుసు వాయువు కదలడానికి. లాంతరు ఎందుకు? ప్రాణవాయువు ఉందో లేదో తెలియడానికి. తాడు ఎందుకన్నదానికి కారణం అక్కరలేదు. ఇక మన్ను వాసన.

"అది ఎందుకు అప్పా? లాంతరు వెలిగాక ఇంకేం చూడాలి?"

"ఎందుకంటే ఏం చెప్పేదమ్మా. బాయి మనసు ఎట్లుండాదో మన్ను చెప్తాది. అది చెప్పకుంటే లాంతరు ఎలిగినా నేను దిగను."

బాయి మనసు అని పట్టికలో రాయలేను కదా. ఆ గడి ఖాళీగా వదిలాను. మంచి అట్ట మీదకి ఎక్కించేటప్పుడు ఖాళీ గడి చూడ్డానికి బాగాలేదని ఆ వరసే తీసేశాను. నేను చేసిన మొదటి తప్పు అది. అప్పుడది తప్పులా కాదు, శుభ్రంగా రాసుకోవడంలా అనిపించింది.

పూడిక తీసే రోజుకి బెంగళూరు నుంచి శిక్షణ ఇచ్చినవాళ్ళు జీపులో వచ్చారు. పెద్ద అధికారి ఒకరు, కెమెరాతో ఇంకొకరు. మా బడిని మిగతా బడులకి ఉదాహరణగా చూపిస్తామన్నారు. పిల్లల్ని బావికి పదిహేను గజాల దూరంలో, సున్నంతో గీత గీసి, అట్టలతో నిలబెట్టాను. పెద్దాయన, ఆయన తమ్ముడి కొడుకులిద్దరూ పొద్దున్నే వచ్చి గిలక బిగించారు. ఇద్దరూ పెళ్ళై పిల్లలున్నవాళ్ళు, ఆయనతో పాటు ఏళ్ళ తరబడి బావుల్లో పనిచేసినవాళ్ళు.

పలకలు తీయగానే కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమంది. పిల్లలు ముక్కులు మూసుకుని కేరింతలు కొట్టారు. నేనూ నవ్వాను. పాత పూడిక, కుళ్ళకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. అరగంటసేపు మండలు ఆడించాక వాసన తగ్గింది. లాంతరు దించారు. అడుగుదాకా వెళ్ళి కూడా వెలుగుతూనే ఉంది. అట్ట పట్టుకున్న అమ్మాయి గడగడా కారణం చెప్పింది. అధికారి చప్పట్లు కొట్టారు, కెమెరా మెరిసింది. నా గుండె పొంగిపోయింది.

అప్పుడు పెద్దాయన బక్కెటతో మన్ను తోడాడు. నల్లగా, జిగటగా ఉంది. అరచేతిలో వేసుకుని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. చెయ్యి నేలకి రుద్దుకుని లేచి, అందరికీ దూరంగా నన్ను పిలిచాడు. ఆయన తమ్ముడి కొడుకులు గిలక దగ్గర ఉన్నారు, పిల్లలు గీత అవతల ఉన్నారు. ఆ మాటలు విన్నది నేనొక్కదాన్నే.

"ఈపొద్దు వద్దమ్మా."

"ఎందుకప్పా?"

"మన్ను ఏమీ చెప్పడంల్యా. ఇంత నల్ల మన్నుకి వాసన ల్యాకుండా ఎట్లుంటాది? పొద్దున ముక్కు పగిలేటట్ల కొట్టె. ఇప్పుడు ఏమీ తగల్లా. వాసన పోయింది కాదు, నా ముక్కునే ఏదో మూస్తా ఉండాది. మూత తీసి రెండు దినాలు ఇడిసిపెడదాం."

"ఏమంటున్నాడు?" అని దూరం నుంచి ఇంగ్లీషులో అడిగారు అధికారి. ఆయనకి తెలుగు రాదు.

"ఇంకొంచెం టైము కావాలంటున్నాడు సార్, అంతే" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం. నోరు జారడం కాదు, తెలిసే అన్నాను. రెండు రోజుల తర్వాత జీపు మళ్ళీ రాదు, కెమెరా రాదు. పిల్లలు నెలంతా తయారైన పాఠం సగంలో ఆగిపోతుంది. పెద్దాయన వైపు తిరిగాను. నా గొంతులో నా కోపం నాకే వినిపించింది.

"లాంతరు వెలుగుతోంది కదప్పా. నువ్వే కదా పిల్లలకి చెప్పింది, లాంతరు వెలిగితే దిగొచ్చని? ఇప్పుడు నువ్వే దిగకపోతే వాళ్ళు ఎవరి మాట నమ్మాలి?"

లాంతరు వెలిగితే దిగొచ్చని ఆయన చెప్పలేదు. ఆరితే దిగకూడదని చెప్పాడు. వెలిగితే చాలని చెప్పింది నా అట్ట. ఆయన ఆ తేడా ఎత్తి చూపలేదు. గీత అవతల వరసగా నిలబడ్డ పిల్లల వైపు కాసేపు చూశాడు. తర్వాత వెళ్ళి నడుముకి తాడు కట్టుకున్నాడు.

మొదటి తట్ట పైకి వచ్చింది. రెండో తట్ట రాలేదు. తమ్ముడి కొడుకు కిందికి వంగి, "పెదనాయనా" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. జవాబు లేదు. రెండోవాడు దిగబోతుంటే మొదటివాడు చొక్కా పట్టి వెనక్కి ఈడ్చి, "తాడు, తాడు" అని అరిచాడు. ఇద్దరూ కలిసి లాగారు. బియ్యం మూటలా, తల ఒక పక్కకి వాలి, పైకి వచ్చాడు. ఎవరో నీళ్ళు చల్లుతున్నారు, ఎవరో విసురుతున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు. అంత గోలలో వరసలోంచి ముందుకొచ్చేసిన ఒకమ్మాయి బావిలోకి తొంగి చూసి నా కొంగు పట్టుకుని లాగింది.

"మేడమ్, లాంతరు ఇంకా వెలుగుతా ఉండాది."

ఆ అమ్మాయిని ఎత్తుకుని గీత అవతలికి పరిగెత్తాను.

జీపులోనే ఆనేకల్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. నడుముకి కట్టిన తాడు, ఆయన నేర్పిన కట్టడి, ఆ రెండే కాపాడాయి. మర్నాడు నేనొక్కదాన్నే బావి దగ్గరికి వెళ్ళాను. బడి ల్యాబులో ఉన్న లెడ్ అసిటేట్‌లో ముంచిన వడపోత కాగితం ముక్కని దారానికి కట్టి దించాను. నిమిషాల్లో నల్లబడి, మెరుస్తూ పైకి వచ్చింది. హైడ్రోజన్ సల్ఫైడ్. డిగ్రీలో రెండేళ్ళు ల్యాబులో ఆ వాయువుతోనే పనిచేశాను. ఆ వాసనకి మేమూ ఇలాగే ముక్కులు మూసుకుని నవ్వేవాళ్ళం. మా డిమాన్‌స్ట్రేటరు మొదటిరోజే హెచ్చరించారు, వాసన తగ్గిందంటే గ్యాసు తగ్గిందని అనుకోవద్దు, ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుంది, కిటికీలు తీసి బయటికి వచ్చేయండి అని. పరీక్షలో కూడా ఆ ప్రశ్న రాశాను, మార్కులు కూడా వచ్చాయి. పెద్దాయన నాకు తెలుగులో చెప్పింది అక్షరాలా అదే. ఒడ్డెవాళ్ళ ముక్కూ, నా డిగ్రీ పుస్తకమూ ఒకే మాట చెప్పిన రోజు అది. ఆ ఖాళీ గడిలో రాయాల్సిన కారణం నా దగ్గరే ఉంది. ఒక్క కాగితం ముక్క దించి చూసి ఉంటే, అదే ఆ పిల్లలకి నేను చెప్పగలిగిన అన్నిటికంటే గొప్ప పాఠం అయ్యుండేది.

మూడోరోజు హెడ్మాస్టరుగారు, నేను ఆసుపత్రికి వెళ్ళాం. ఏం జరిగిందో రాసి పంపమని బెంగళూరు నుంచి కబురు వచ్చింది. హెడ్మాస్టరుగారికి తెలుగు అంతంతమాత్రమే, అయినా ఓపిగ్గా అడిగారు. వాసన ఏమన్నా తేడాగా అనిపించిందా, ముందుగా తెలియలేదా అని. పెద్దాయన పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"నాకే వాసన తెలీకపాయె సార్. ముసిలోణ్ణి, లెక్క తప్పింది."

నేను మంచం పక్కనే ఉన్నాను. మత్తులో గుర్తులేక అలా అంటున్నాడనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అనుకుంటే నాకు బాగుంటుందని పట్టుకున్నాను. ఆ రాత తయారుచేసింది నేనే. "సంప్రదాయ పరీక్షకు అందని విషవాయువు వల్ల ప్రమాదం జరిగింది" అని రాశాను. లాంతరు ఒక్కటే పరీక్షనుకుంటే ఒక్క అక్షరం అబద్ధం లేని వాక్యం అది. దాన్నే తర్వాత టీచర్ల కోసం వేసిన పుస్తకంలో చేర్చారు, ఊరి జ్ఞానాన్ని గౌరవించాలి కానీ దానికీ హద్దులుంటాయి అనడానికి ఉదాహరణగా. కింద నా పట్టిక వేశారు.

ఆయన ముక్కు మళ్ళీ రాలేదు. డాక్టర్లు వస్తుందన్నారు, నెలలు గడిచాయి, రాలేదు. నేల చూడ్డానికి పిలవడం మానేశారు. "ఒక చిన్న బాయిలో వాసన పట్టలేకపాయె, ఆయన్ని ఏం నమ్మేది" అని టీ కొట్టు దగ్గర నా చెవులతోనే విన్నాను. తల కొట్టేసినట్టయింది. అయినా టీ తాగి, గ్లాసు అక్కడ పెట్టి, ఏమీ అనకుండా బడికి వచ్చేశాను. కొంతకాలానికి బోరు లారీలు వచ్చాయి, అసలు బావుల మాటే పోయింది. ఆయన తమ్ముడి కొడుకులు బొమ్మసంద్రలో కూలికి కుదిరారు.

కొన్నాళ్ళు ఆయన సాయంత్రం బడి వదిలే వేళకి గేటు దగ్గరికి వచ్చేవాడు. పంచె కొసలో మన్ను ముద్ద కట్టుకొచ్చేవాడు. "ఇది ఏం వాసనొస్తాదో చూసి చెప్పమ్మా" అనేవాడు. నేను చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి లోపలికంటా పీల్చేదాన్ని. నా చదువంతా ముక్కులోకి తెచ్చుకున్నా నాకు తెలిసేది ఒక్కటే.

"మన్ను వాసన అప్పా."

ఆయన ఇంకేమన్నా చెబుతానేమోనని కాసేపు ఆగేవాడు. తర్వాత, "అది నాకీ తెలుసు తల్లీ" అని నవ్వి, ముద్దని మళ్ళీ కొసలో కట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఒకరోజు నుంచి రావడం మానేశాడు. ఆ వాసన నాకు రావడం మొదలైంది ఆ రోజుల్లోనే.

రెండు వేల సంవత్సరం దాటాక పర్యావరణం అన్ని బడుల్లోనూ పాఠమైపోయింది. మా చుట్టూ షెడ్లు పెరిగి, బడి ఒక పాత ముక్కలా మధ్యలో మిగిలింది. బావిమీద కాంక్రీటు పోసి సైకిళ్ళు నిలబెట్టేవారు. నేను సీనియర్ టీచర్ని అయ్యాను. పుస్తకంలో ఆ పేజీ రాసింది నేనే కాబట్టి, కొత్త టీచర్లకి ఆ పాఠం ఎలా చెప్పాలో నన్నే వచ్చి చూపించమన్నారు. అప్పటికి నేను సరిగ్గా నిద్రపోయి చాలా కాలమైంది. ఇక చెప్పేద్దామనుకున్నాను. ఆయన దిగనన్నాడు, నేనే దింపాను, పుస్తకంలో ఆ వాక్యం మార్చండి అని అందరి ముందూ చెబుదామనుకున్నాను. ముందు ఆయనకి చెప్పడం న్యాయమని, శిక్షణకి ముందురోజు మధ్యాహ్నం కాలనీకి వెళ్ళాను.

గడప దగ్గర కూర్చుని అవరెకాయలు, అంటే మన అనపకాయలు, ఒలుస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. చలికాలంలో బెంగళూరు సంతలో అవరెకాయలు కొనేవాళ్ళు ఒక్కో కాయా ముక్కు దగ్గర పెట్టుకుంటారు, దానికుండే ఘాటైన నూనె వాసన కోసం. సొగడు అంటారు దాన్ని. ఆయన ఒక కాయ భార్యకి అందించి, "సొగడుండాదా?" అని అడిగాడు. ఆమె వాసన చూసి, "శానా ఉండాది" అంది. ఆయన తృప్తిగా తల ఊపి ఒలవడం మొదలుపెట్టాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని నేనూ గడప మీదే కూర్చున్నాను. ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"అప్పా, ఆరోజు నువ్వు దిగనన్నావు. ఈరోజు వద్దన్నావు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. రేపు బెంగళూరులో టీచర్లందరి ముందూ చెప్పేస్తాను. పుస్తకంలో కూడా మార్పిస్తాను. నీకు గుర్తులేకపోవచ్చు…"

"మతికుండాది" అన్నాడు.

గుర్తుందట.

"ఆసుపత్రిలో కూడా మతికుండె. మతికి ల్యాక కాదు నేను అట్ల చెప్పింది."

"మరెందుకు చెప్పావు?"

ఆయన ఒక కాయ ఒలిచి గింజలు చాటలో వేశాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

"పిల్లోళ్ళు అంతమంది సూస్తా ఉండిరి గదా. టీచరమ్మ చెప్పింది తప్పాయె అని తేలితే, రేపట్నించి వాళ్ళు ఎవురి మాట ఇంటారు? నా మాట ఎట్లా ఇనరు. మా కాలం అయిపాయె. నీ మాటన్నా ఇననీ అనుకొంటి."

గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. ఏడ్చానో లేదో గుర్తులేదు. ఆమె టీ తెచ్చి నా పక్కన పెట్టి, మా ఇద్దరి మొహాలూ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు చెబుతానప్పా. నీ పేరు నీకు రావాలి."

"ఏం చేసుకొనేది పేరు? బాయి మూసిరి. నా ముక్కు రాదు. నువ్వింకా బళ్ళో ఉండావు, పిల్లోళ్ళు ఉండారు. చెప్పొద్దమ్మా. నా మాట విను."

టీ తాగాను. చాటలో గింజలు నిండేదాకా ఆయనతో పాటు నేనూ కాయలు ఒలిచాను. నా వేళ్ళకి సొగడు అంటుకుంది. చీకటి పడకముందే ఇంటికి బయల్దేరాను.

మర్నాడు బెంగళూరు హాల్లో ఆ పేజీని ఉన్నదున్నట్టు చెప్పాను. టీచర్లు పట్టిక రాసుకున్నారు. వెనక బెంచీలో కొత్తగా చేరిన ఒకమ్మాయి లేచి, "ఆ పెద్దాయనకి ముందుగా ఏమీ అనుమానం రాలేదా మేడమ్?" అని అడిగింది. ఆ వయసులో నేనైతే అడిగేలాంటి ప్రశ్నే.

"లేదు" అన్నాను.

ఆ వేసవిలోనే ఆయన పోయాడు. కబురు తెలిసి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆయన తమ్ముడి కొడుకులు నాకు కుర్చీ వేశారు. బావి తవ్వేవాళ్ళలో అంత ముక్కున్న మనిషి మళ్ళీ పుట్టడని, ఆ ఒక్కసారే మోసపోయాడని పెద్దవాడు నాతో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. నేను తల ఊపాను.

ఆయన నాకు రెండుసార్లు వద్దని చెప్పాడు. మొదటిసారి, బావి దగ్గర, నేను వినలేదు. రెండోసారి చెప్పినప్పుడు వెంటనే విన్నాను.